మన పిల్లల ఫీజు ఆ బ్యాలెట్ కాగితం మీదే ఉంది

కాలిఫోర్నియాలోని తెలుగు సంఘాల పెద్దలకు, ఓటు హక్కున్న ప్రతి తెలుగు కుటుంబానికి

నమస్కారం.

2012 చివరలో మా పెద్దమ్మాయి విశ్వవిద్యాలయ ఖాతాలో 249 డాలర్లు జమ పడ్డాయి. ఆ ఆగస్టులో మేము కట్టిన ఫీజులోంచి వెనక్కి వచ్చిన సొమ్ము అది. కట్టిన ఫీజు తిరిగి రావడం నేను గుంటూరులో చదువుకున్న రోజుల్లో చూడలేదు, ఈ దేశంలో పదహారేళ్లు గడిపిన తరువాత కూడా అంతవరకూ చూడలేదు. ఎక్కడో లెక్క తప్పిందేమోనని అమ్మాయి చేత రెండుసార్లు అడిగించాను. తప్పలేదు. నవంబరు 6న మా ఇంటి దగ్గరి పోలింగ్ కేంద్రంలో నేను, మా ఆయన, మాలాంటి లక్షల మంది వేసిన ఓటు ఆ డబ్బును వెనక్కి తెచ్చింది. పౌరసత్వం వచ్చాక మేము వేసిన మొదటి ఓటు అది.

ఆ ఓటుతో మొదలైన పన్ను, సంపన్నుల ఆదాయం మీద వేసి బడులకు, కమ్యూనిటీ కాలేజీలకు ఇచ్చేది, 2030 చివరితో ముగియబోతోంది. ఆ సంగతి మన సంక్రాంతి సంబరాల్లో, ఉగాది సభల్లో, గుడి దగ్గర మాటల్లో ఎక్కడా నాకు వినబడటం లేదు. ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఇల్లు కొనాలి, ఏ కాలేజీకి ఎన్ని మార్కులు కావాలి అన్నవి మనం రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకుంటాం. ఆ బడికి, ఆ కాలేజీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మాట్లాడుకోం. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట గురించి చెప్పాలి. మనకు ట్యూషన్ అంటే సాయంత్రం మాస్టారి ఇంట్లో నేల మీద కూర్చుని చెప్పించుకునే లెక్కలు. ఇక్కడ ఆ మాటకు అర్థం కాలేజీ ఫీజు. కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఒకప్పుడు అది రాష్ట్ర విద్యార్థులకు లేనే లేదు. 1960లో గవర్నర్ పాట్ బ్రౌన్ సంతకం చేసిన ఉన్నత విద్యా ప్రణాళిక పునాదే అది: ఈ రాష్ట్రపు పిల్లలు ప్రభుత్వ కాలేజీలో చదువుకు ట్యూషన్ కట్టనక్కరలేదు, చిల్లర ఖర్చులకు చిన్న రుసుము కడితే చాలు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (కాల్ స్టేట్), కమ్యూనిటీ కాలేజీలు అనే మూడు అంచెలకు ఎవరి పని వారికి పంచి ఇచ్చింది ఆ ప్రణాళికే. మన పిల్లలు ఈనాడు ఎక్కుతున్న మెట్లు అవే. పాట్ బ్రౌన్ కొడుకు జెర్రీ బ్రౌన్ 2012లో గవర్నరుగా ఉండి, అదే మెట్లు కూలకుండా ఉండటానికి పన్ను వేయనివ్వండని ప్రజలను అడగాల్సి వచ్చింది. తండ్రి సంతకానికీ కొడుకు అభ్యర్థనకూ మధ్య ఉన్న యాభై రెండేళ్లలో ఏం జరిగిందన్నదే అసలు కథ.

అందులో పెద్ద మలుపు 1978 జూన్. ప్రొపోజిషన్ 13 అనే ప్రతిపాదనను ప్రజలు ఓటు వేసి గెలిపించారు. ఇంటి మీద ఆస్తి పన్ను విలువలో ఒక శాతం దాటకూడదు, ఆ విలువ కొన్న నాటి ధర మీద ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు, చేతులు మారినప్పుడే కొత్త ధర లెక్కలోకి రావాలి. అప్పట్లో ఇళ్ల ధరలు ఎగిసిపడి, పింఛను మీద బతికే ముసలివాళ్లు పన్ను కట్టలేక భయపడ్డ మాట నిజం. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. అయితే ఒక్క దెబ్బకు ఆస్తి పన్ను రాబడి సగానికి పైగా పడిపోయింది. అంతవరకు ఊరి బడికి ఊరి ఆస్తి పన్నే ప్రధాన ఆధారం. ఆ తరువాత బడి చేయి చాచవలసిన చోటు రాష్ట్ర రాజధాని శాక్రమెంటో అయింది. రాష్ట్రం ఖజానా నిండేది ఎక్కువగా ఆదాయపు పన్నుతో. సంపన్నుల ఆదాయం స్టాకు మార్కెట్టుతో పాటు లేస్తుంది, పడుతుంది. నిలకడగా వచ్చే ఆస్తి పన్ను మీద నిలబడాల్సిన బడి అలా మార్కెట్టు ఊగిసలాటకు కట్టుబడిపోయింది.

ఇది మనకు బాగా తెలిసిన సంగతే, పేరు మాత్రం తెలియదు. మా వీధిలో మేము 2009లో ఇల్లు కొన్నాం. ఎదురింటికి 2021లో ఒక విజయవాడ కుటుంబం వచ్చింది. ఇల్లు దాదాపు మా ఇంటంతే. వాళ్లు కట్టే ఆస్తి పన్ను మేము కట్టేదానికి రెండింతల పైన. పక్కింట్లో 1980ల నుంచి ఉంటున్న పెద్దాయన కట్టేది మాకంటే ఎంతో తక్కువ. ముగ్గురి పిల్లలూ, మనవళ్లూ వెళ్లేది ఒకే బడికి. ఈ ఏర్పాటు వల్ల నేనూ లాభపడుతున్నాను, ఆ సంగతి దాచను. కానీ ఆ ఎదురింటి అమ్మాయి నన్ను ‘ఇంత పన్ను కడుతున్నాం కదా ఆంటీ, మరి బడికి మళ్లీ విరాళం ఎందుకు అడుగుతున్నారు?’ అని అడిగినప్పుడు, 1978 నుంచి మొదలుపెడితే తప్ప నేను జవాబు చెప్పలేకపోయాను.

1988లో ప్రజలు మరో ఓటు వేశారు. ప్రొపోజిషన్ 98. రాష్ట్ర సాధారణ నిధిలో సుమారు 40 శాతం బడులకు, కమ్యూనిటీ కాలేజీలకు చేరేలా అది రాజ్యాంగంలోనే కనీస హామీ రాసింది. మంచి పని. అయితే మన తల్లిదండ్రులు గమనించవలసిన కీలకం ఇక్కడే ఉంది. ఆ హామీ బడికీ కమ్యూనిటీ కాలేజీకీ మాత్రమే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు గానీ, కాల్ స్టేట్‌కు గానీ అటువంటి హామీ ఏదీ లేదు. పిల్లలకు వడ్డించాక గిన్నెలో మిగిలినది పెద్దలు తిన్నట్టు, మిగిలినదే వాటి వాటా. ఖజానా ఒట్టిపోయిన ఏడాది ముందు కోత పడేది వాటికే, ఎందుకంటే కోత పెట్టినా వాటికి ఇంకో దారి ఉందని శాసనకర్తలకు తెలుసు. ఆ దారి విద్యార్థి జేబు.

మన రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ప్రభుత్వం సకాలంలో విడుదల చేయనప్పుడు ఏం జరుగుతుందో మనలో చాలామంది ఇళ్లలో చూశాం. కాలేజీ ప్రభుత్వాన్ని పట్టుకోదు. పిల్లవాణ్ణి పట్టుకుంటుంది, బకాయి తీరేదాకా సర్టిఫికెట్లు ఇవ్వనంటుంది. దేశం మారినా నీరు పల్లానికే పారుతుంది.

2008 తరువాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో అదే జరిగింది. 2009 నవంబరులో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పాలకమండలి ఒక్కసారిగా 32 శాతం ఫీజు పెంచింది. విద్యార్థులు వీధికెక్కారు. 2011-12లో ఆ విశ్వవిద్యాలయానికీ, కాల్ స్టేట్‌కూ ఒక్కొక్కదానికి 75 కోట్ల డాలర్ల చొప్పున కోత పడింది. కాల్ స్టేట్‌లో 2001లో ఏడాదికి 1,428 డాలర్లున్న ట్యూషన్ 2011 నాటికి 5,472 అయింది. కమ్యూనిటీ కాలేజీలో యూనిట్‌కు 26 డాలర్లుండేది 2011లో 36కి, 2012 వేసవిలో 46కి వెళ్లింది. రాత్రి ఉద్యోగం చేసుకుంటూ పగలు నాలుగు యూనిట్ల క్లాసుకు వెళ్లే మనిషికి ఆ తేడా చిన్నది కాదు.

ఆ రోజుల్లో నేను ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో తరగతి సహాయకురాలిగా పనిచేసేదాన్ని. దాని పేరు అక్కరలేదు, రాష్ట్రమంతా అదే పరిస్థితి. చట్టప్రకారం మార్చి 15 లోపు ఉపాధ్యాయులకు తొలగింపు నోటీసులు ఇవ్వాలి. ఆ తేదీ దగ్గరపడే కొద్దీ ఉపాధ్యాయుల గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూసేవారు కాదు. రాష్ట్రం బడులకు ఇవ్వాల్సిన డబ్బును తరువాతి ఏడాదికి వాయిదా వేస్తూ పోయింది. ఆ వాయిదాలు ఒక దశలో దాదాపు 1,000 కోట్ల డాలర్లకు చేరాయి. జీతాలివ్వడానికి డిస్ట్రిక్ట్‌లు అప్పులు తెచ్చాయి. నా పని గంటలు సగమయ్యాయి. చిన్న తరగతుల్లో 20 మంది పిల్లలు మించకూడదన్న పద్ధతి సడలిపోయింది. మా చిన్నవాడు 2011లో కిండర్‌గార్టెన్‌లో చేరినప్పుడు వాడి గదిలో 30 మంది. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట ఎరగని వాడు, ఆ ముప్పై మంది మధ్యలో నోరు తెరవకుండా మూడు నెలలు కూర్చున్నాడు. టీచరు మంచిది. ఆమెకు ఉన్నవి రెండే చేతులు.

అటువంటి సమయంలో 2012 నవంబరు బ్యాలెట్ మీదికి ప్రొపోజిషన్ 30 వచ్చింది. ఎన్నికల ముందు ఇంటికి వచ్చిన సమాచార పుస్తకాన్ని మా వంటింటి బల్ల మీద పెట్టుకుని, నేనూ మా ఆయనా వారం రోజులు వాదించుకున్నాం. ప్రతిపాదనలో రెండు పన్నులున్నాయి. అమ్మకం పన్ను నాలుగేళ్లపాటు పావు శాతం పెంచడం ఒకటి: నూరు డాలర్ల వస్తువు కొంటే పావు డాలరు. బియ్యం, పప్పు, కూరగాయల మీద ఇక్కడ అమ్మకం పన్నే లేదు కనుక వంటింటిని అది తాకదు. రెండవది ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు, దంపతులకైతే ఐదు లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద ఒకటి నుంచి మూడు శాతం అదనపు పన్ను, ఏడేళ్లపాటు. రెండూ కలిపి ఏడాదికి సుమారు 600 కోట్ల డాలర్లు తెస్తాయని రాష్ట్ర శాసనసభ విశ్లేషకుల అంచనా.

అదే బ్యాలెట్ మీద మాలీ మంగర్ అనే న్యాయవాది ముందుండి తెచ్చిన ప్రొపోజిషన్ 38 కూడా ఉంది. అది బాగా తక్కువ సంపాదన ఉన్నవారిని మినహాయించి దాదాపు అందరి ఆదాయపు పన్నూ పెంచి బడులకు ఇస్తానంది. రెండూ ఒకేసారి రావడంతో జనం తికమకపడ్డారు. అది ఓడిపోయింది.

మా ఆయన మొదట వద్దనే అన్నారు. ఆయన వాదన తేలికైనది కాదు. ‘ప్రభుత్వం చేతికి డబ్బిస్తే అది బడిదాకా చేరుతుందని నమ్మకమేమిటి?’ అన్నారు. భారతదేశంలో 2004లో 2 శాతం విద్యా సెస్సు వేసినప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు, అది ఎక్కడికి పోయిందో మన ఊరి బడి గోడలు చూస్తే ఎవరికీ తెలియలేదు. ఆయన అనుభవం అది. నేను ప్రతిపాదన పాఠాన్ని ముందు పెట్టి వేలితో చూపించాను. ఆ డబ్బు ప్రత్యేక ఖాతాలో పడాలి. ఖర్చు ఎలా చేయాలో ప్రతి స్కూల్ బోర్డు బహిరంగ సమావేశంలోనే నిర్ణయించాలి. పాలనాధికారుల జీతాలకు వాడకూడదు. ఏటా ఎంత వచ్చింది, ఎలా ఖర్చయిందన్నది తమ వెబ్‌సైటులో అందరికీ కనబడేలా పెట్టాలి. అది పూర్తి రక్షణ అని నేను అనలేదు. పత్రం ఉంటే అడగవచ్చు, అంతే. సెస్సు విషయంలో మనకు అడిగే చోటే లేదు.

అయినా ఆయన మనసు మార్చినది ఆ వాక్యం కాదు. ఓడిపోతే ఏం జరుగుతుందో ముందే చట్టంలో రాసిపెట్టిన పట్టిక. ట్రిగ్గర్ కోతలు అన్నారు వాటిని. ఓటు ‘వద్దు’ అయితే ఆ ఏడాది మధ్యలోనే దాదాపు 600 కోట్ల డాలర్ల కోత, అందులో 540 కోట్లు బడులకు, కమ్యూనిటీ కాలేజీలకు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు 25 కోట్లు, కాల్ స్టేట్‌కు 25 కోట్లు. బడి పనిదినాలను ఇంకా తగ్గించుకోవడానికి కూడా అనుమతి సిద్ధంగా ఉంది. కాల్ స్టేట్ అయితే 2013 వసంతకాలపు ప్రవేశాలను చాలా క్యాంపస్‌లలో ఆపివేసి, ఆ శరదృతువుకు దరఖాస్తు చేసిన పిల్లలను ఓటు ఫలితం తేలేదాకా నిరీక్షణ జాబితాలో ఉంచుతామని ప్రకటించింది. మా అమ్మాయి అప్పటికే లోపల ఉంది కనుక ప్రవేశం గురించి భయం లేదు. ఆమెకు మిగిలినది ఫీజు. 2012 శరదృతువులోనే ఏడాది ట్యూషన్ 5,970 డాలర్లకు పెంచారు. ఓటు నెగ్గితే దాన్ని పాత 5,472కే తగ్గిస్తారు. ఓడితే జనవరి నుంచి సెమిస్టరుకు ఇంకో 150 డాలర్లు కలుపుతారు.

ఇదంతా ఆమె ఫీజు చీటీలో లేదు. బ్యాలెట్ మీద అచ్చయిన వాక్యంలో ట్యూషన్ అన్న మాటే లేదు. పన్ను గురించి ఉంది, విద్య గురించి ఉంది. ఒక తల్లి ఆ కాగితం ఒకదాన్నీ, ఫీజు చీటీ ఒకదాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే తప్ప రెండింటికీ ఉన్న చుట్టరికం తెలియదు.

ప్రొపోజిషన్ 30 సుమారు 55 శాతం ఓట్లతో నెగ్గింది. 5,970, 5,472 మధ్య తేడా 498. అందులో ఒక సెమిస్టరు వంతు 249 డాలర్లు మా అమ్మాయి ఖాతాకు వచ్చింది. ఆ డబ్బుతో ఆమె పుస్తకాలు కొనుక్కుంది.

తరువాత ఏమైందో కూడా చూడాలి, ఎందుకంటే ఒక్క సెమిస్టరుతో కథ ముగియలేదు. కాల్ స్టేట్ ట్యూషన్ 2016-17 విద్యా సంవత్సరం దాకా అదే 5,472 దగ్గర ఆగింది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో 12,192 డాలర్ల దగ్గర అలాగే ఆరు విద్యా సంవత్సరాలు ఆగింది. అంతకు ముందు పదేళ్లలో అది మూడింతలకు పైగా పెరిగిందని గుర్తుపెట్టుకుంటే ఆ ఆగడం విలువ తెలుస్తుంది. నిజం చెప్పాలంటే ప్రొపోజిషన్ 30 డబ్బు నేరుగా విశ్వవిద్యాలయాలకు వెళ్లలేదు. అది బడులకు, కమ్యూనిటీ కాలేజీలకు కేటాయించిన ఖాతా. కానీ బడుల హామీని ఆ డబ్బు మోయడంతో సాధారణ నిధి మీద బరువు తగ్గింది, విశ్వవిద్యాలయాలకు ఏటా కొంత పెంచుతాం, మీరు మాత్రం ఫీజు పెంచకండి అని గవర్నరు అడగగలిగాడు. 2014 నవంబరులో యూనివర్సిటీ పాలకమండలి ఏటా 5 శాతం దాకా పెంచే తీర్మానం చేసినా, మరుసటి మే నెలలో కుదిరిన ఒప్పందంతో రాష్ట్ర విద్యార్థుల ట్యూషన్ ఇంకో రెండేళ్లు కదలలేదు. బడుల వైపు 2013లో కొత్త నిధుల సూత్రం వచ్చింది. పేద పిల్లలకు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకు, సంరక్షణ గృహాల్లో పెరిగే పిల్లలకు అదనపు డబ్బు చేర్చిన సూత్రం అది. మా చిన్నవాడికి రెండో తరగతిలో వారానికి మూడు రోజులు విడిగా కూర్చోబెట్టి ఇంగ్లీషు చెప్పిన టీచరు ఆ ఏడాదే వచ్చింది.

2016 నవంబరులో ప్రజలు ప్రొపోజిషన్ 55 నెగ్గించి, సంపన్నుల ఆదాయం మీది పన్నును మరో పన్నెండేళ్లు, అంటే 2030 దాకా పొడిగించారు. అమ్మకం పన్ను పెంపును అందులో చేర్చలేదు, అది 2016తో పోయింది. ఏడాదికి 400 నుంచి 900 కోట్ల డాలర్లు వస్తాయని అప్పటి అంచనా. 400కీ 900కీ మధ్య ఉన్న ఆ దూరమే దీని బలహీనత. మార్కెట్టు ఎగిరిన ఏడాది పొంగుతుంది, పడిన ఏడాది ఎండుతుంది. దాన్ని సరిదిద్దడానికి 2014లో ఒక పొదుపు నిధి ఏర్పాటును కూడా ప్రజలే ఓటు వేసి చేశారు. సంపన్నులు రాష్ట్రం వదిలిపోతారని వాదించేవారి మాట కూడా నేను కొట్టిపారేయను, రాష్ట్ర ఆదాయపు పన్నులో చాలా ఏళ్లలో 40 శాతం పైన కట్టేది పైనున్న ఒక్క శాతం మందే. అంత తక్కువ మంది భుజాల మీద బడి నిలపడం ప్రమాదమే. కానీ దానికి మందు ఆ భుజాన్ని కూడా తీసేయడం కాదు. 2020లో ప్రొపోజిషన్ 15 మరో దారి చూపింది. ఇళ్లను తాకకుండా, పెద్ద వ్యాపార భవనాలు, స్థలాల మీద మాత్రం ఆస్తి పన్నును నేటి మార్కెట్టు ధరకు లెక్కకట్టాలంది. 48 శాతం ఔనన్నారు, 52 శాతం కాదన్నారు. మన ఇళ్ల మీద కూడా పన్ను పెరుగుతుందన్న భయంతో ‘కాదు’ అన్నవారు నాకు తెలిసిన తెలుగు ఇళ్లలోనే ఉన్నారు. ప్రతిపాదనలో ఇళ్లు లేవని వాళ్లకు ఎవరూ తెలుగులో చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. అది నా తప్పు, ఈ లేఖకు అదీ ఒక కారణం.

మనలో చాలామంది ‘మన ఆదాయం మీద పన్ను కదా’ అనుకుంటారు. లెక్క చూడండి. ఆ హద్దులు ద్రవ్యోల్బణంతో పాటు పెరుగుతూ వచ్చి, దంపతులిద్దరికీ కలిపి పన్ను పడే ఆదాయం ఇప్పుడు ఏడు లక్షల డాలర్లు దాటితేనే ఈ అదనపు పన్ను మొదలవుతుంది. అదీ ఆ హద్దు దాటిన భాగం మీదే. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇళ్లలో కూడా ఎక్కువ ఇళ్లు అక్కడికి చేరవు. షేర్లు అమ్ముకున్న ఏడాది కొందరు చేరవచ్చు. ఆ ఏడాది కట్టగలరు కూడా.

మా చిన్నవాడు ఇప్పుడు కాల్ స్టేట్‌లో ఉన్నాడు. 2023 సెప్టెంబరులో అక్కడి పాలకమండలి ఐదేళ్లపాటు ఏటా 6 శాతం చొప్పున ట్యూషన్ పెంచాలని నిర్ణయించింది. వాడు చేరిన 2024లోనే అది మొదలైంది. 5,742 ఉన్నది 6,084 అయింది, మరుసటి ఏడాది 6,450. ఇలాగే సాగితే 2028-29 నాటికి 7,682. అక్కకు ఓటుతో ఆగిన ఫీజు తమ్ముడికి ఏటా ఎక్కుతోంది. ఈ పెంపు ఆ ప్రత్యేక పన్ను ఉన్న రోజుల్లోనే వచ్చింది. రాష్ట్రం ఇచ్చేది విశ్వవిద్యాలయ ఖర్చులకు చాలనప్పుడు ఏం జరుగుతుందో మనం ఇప్పటికే చూస్తున్నామన్నమాట. మరి ఆ కొన్ని వందల కోట్లు కూడా లేని 2031లో, బడుల హామీ నెరవేర్చాక విశ్వవిద్యాలయాలకు ఏం మిగులుతుంది? ఈ రోజు మీ ఒళ్లో కూర్చున్న పిల్ల అప్పటికి మూడో తరగతిలో ఉంటుంది. ఈ రోజు ఆరో తరగతిలో ఉన్న పిల్లవాడు కాలేజీకి దరఖాస్తులు రాస్తూ ఉంటాడు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. గ్రీన్‌కార్డు కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న మనవాళ్లు ఆదాయపు పన్ను కడుతున్నారు, అమ్మకం పన్ను కడుతున్నారు, అద్దెలో ఇంటి యజమాని ఆస్తి పన్ను కూడా కడుతున్నారు. వాళ్లకు ఓటు లేదు. వాళ్ల పిల్లలు మన పిల్లల పక్క బల్ల మీదే కూర్చుంటారు. హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి ఎం.ఎస్. చదువుకు ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు వచ్చే పిల్లలు బయటి విద్యార్థుల రుసుము కడుతూ, ఇంటి దగ్గర నాన్న తీసుకున్న అప్పు మీద చదువుతారు. రాష్ట్రం ఇచ్చే డబ్బు తగ్గిన ఏళ్లలో ఆ రుసుము కట్టేవాళ్లను విశ్వవిద్యాలయాలు ఎక్కువగా చేర్చుకున్నాయి కూడా. 2017లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అటువంటి విద్యార్థుల వాటాకు హద్దు పెట్టాల్సినంతగా ఆ వివాదం ముదిరింది. ఓటున్న ఒక్క తెలుగు ఇంటి వెనుక ఓటులేని ఎన్ని తెలుగు ఇళ్లు ఉన్నాయో మీకే తెలుసు.

కాబట్టి సంఘాల పెద్దలకు నా విన్నపం. మన సంబరాలకు శాసనసభ్యులను, అభ్యర్థులను పిలిచి శాలువా కప్పుతాం. ఈసారి శాలువా కప్పే ముందు వేదిక మీదే ఒక ప్రశ్న అడగండి: ప్రొపోజిషన్ 55 ముగిశాక బడుల డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు, విశ్వవిద్యాలయాలకు ఏం మిగులుస్తారు? జవాబు వీడియో తీసి సభ్యులందరికీ పంపండి. పొడిగింపు ప్రతిపాదన గానీ, దానికి బదులు మరొకటి గానీ 2030 లోపు జరిగే ఏ ఎన్నికలోనైనా మన ముందుకు రావచ్చు. వచ్చిన రోజున దాని పాఠాన్ని, అనుకూల వాదనను, వ్యతిరేక వాదనను తెలుగులో చదివి వినిపించే సభ పెట్టండి. ఎవరికి ఓటు వేయాలో సంఘం చెప్పనక్కరలేదు. నేను పొడిగింపుకే వేస్తాను, ఎందుకో పైన రాశాను. మీరు చదివి వేరే నిర్ణయానికి వస్తే వాదించుకుందాం, మా వంటింట్లో వాదించుకున్నట్టే. చదవకుండా వదిలేయడం మాత్రం వద్దు. పెద్ద ఎన్నికల రోజున పైనున్న పేరుకు గుర్తు పెట్టి, కింద వరుసగా ఉన్న ప్రతిపాదనలు ఖాళీగా వదిలేసి వచ్చామని చెప్పేవాళ్లను చూసినప్పుడు నాకు కడుపు తరుక్కుపోతుంది. ఫీజు ఉన్నది ఆ కింది వరుసల్లోనే.

స్కూల్ బోర్డు సమావేశాలకు కూడా మనుషులను పంపండి. ఆ ప్రత్యేక ఖాతా డబ్బు ఎలా ఖర్చుచేయాలో ఏటా అక్కడే, అందరి ముందే తీర్మానిస్తారు. నేను వెళ్లిన ఒక సమావేశంలో ఆ అంశం వచ్చినప్పుడు ప్రేక్షకుల కుర్చీల్లో నాతో కలిపి నలుగురమే ఉన్నాం. మాట్లాడటానికి ప్రతి ఒక్కరికీ రెండు మూడు నిమిషాల సమయం ఇస్తారు. ఇంగ్లీషు తడబడినా ఎవరూ ఏమీ అనరు. నాకు ఎవరూ ఏమీ అనలేదు.

2012 నాటి సమాచార పుస్తకం, గీతలు గీసిన పేజీలతో సహా, నా దగ్గర ఉంది. మా అమ్మాయి ఆ సెమిస్టరు ఫీజు చీటీ, 249 డాలర్లు జమ అయిన కాగితం కూడా ఉన్నాయి. తెలుగు బడి జరిగే ఆదివారాల్లో పిల్లలు లోపల ఉన్నంతసేపూ తల్లిదండ్రులు బయట కారుల్లో కూర్చుని ఎదురుచూస్తారు కదా. ఆ గంటలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు ఇప్పించండి. ఆ కాగితాలు పట్టుకుని నేను వస్తాను.

ఇట్లు,
ఫ్రీమాంట్ నుంచి ఒక తల్లి